ఎడిసన్‌లో చిన్న వ్యాపారాలు – పన్ను ఆడిట్‌కు సన్నద్ధత

అమెరికాలో పన్ను ఆడిట్ అంటే, వ్యాపారి దాఖలు చేసిన రిటర్నులోని అంకెలకు ఆధారాలున్నాయో లేదో పన్ను శాఖ స్వయంగా చేసే తనిఖీ. న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీలోని ఎడిసన్‌లో వ్యాపారం నడిపేవారు ఇద్దరికి లెక్క చెప్పాలి. ఫెడరల్ ఆదాయపన్ను, జీతాల పన్నులు చూసేది ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్, అంటే ఐఆర్ఎస్. అమ్మకపు పన్ను, రాష్ట్ర ఆదాయపన్ను చూసేది ట్రెంటన్ కేంద్రంగా పనిచేసే న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ టాక్సేషన్. ఈ రెండూ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి ఒకచోట తేలిన తేడా రెండోచోటికీ చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చి వ్యాపారం పెట్టినవారికి ట్యాక్స్ ఆడిట్ కొత్త కాదు. కానీ వారికి తెలిసింది వేరు. భారత ఆదాయపన్ను చట్టం ప్రకారం టర్నోవరు పరిమితి దాటిన వ్యాపారి తానే చార్టర్డ్ అకౌంటెంట్‌ను పెట్టుకుని ఏటా ఆడిట్ చేయించుకుంటాడు, ఆ నివేదిక శాఖకు వెళుతుంది. అమెరికాలో చిన్న వ్యాపారానికి అలాంటి వార్షిక ఆడిట్ లేదు. ఇక్కడి ఆడిట్‌ను పోల్చాల్సింది భారత్‌లో శాఖ నోటీసుతో మొదలయ్యే స్క్రూటినీతో. రిటర్ను తయారుచేసే సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) సాధారణంగా వ్యాపారి ఇచ్చిన అంకెలను తీసుకుని ఫారాలు నింపుతారు, ప్రతి బిల్లునూ సరిచూడరు. ఏటా సీపీఏ చూస్తున్నారు కదా అన్న ధీమా చాలామందికి ఉంటుంది, తనిఖీ రోజున అది అక్కరకు రాదు.

థామస్ ఎడిసన్ 1876లో మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టిన ప్రాంతమిది. రారిటన్ టౌన్‌షిప్‌గా ఉన్న ఊరు 1954లో ఆయన పేరు పెట్టుకుంది. 2020 జనగణన ప్రకారం జనాభా 1,07,588. పక్కనున్న ఐస్లిన్ నుంచి ఎడిసన్‌లోకి సాగే ఓక్ ట్రీ రోడ్డు అమెరికాలో పేరున్న భారతీయ బజారు. చీరల కొట్లు, బంగారు నగల దుకాణాలు, కిరాణా, మిఠాయి అంగళ్లు, బిర్యానీ హోటళ్లు పక్కపక్కనే ఉంటాయి. చుట్టుపక్కల ఆఫీసు భవనాల్లో తెలుగువారి ఐటీ కన్సల్టెన్సీలు, ఇళ్లలో నృత్య శిక్షణ తరగతులు, ట్యూషన్లు, క్యాటరింగులు నడుస్తాయి. ఈ వ్యాపారాల్లో తనిఖీ అధికారి దృష్టి ఆగే చోట్లు ఒకదానికీ మరోదానికీ చాలా వేరుగా ఉంటాయి.

ఎంత వెనక్కి వెళ్తారు

రిటర్ను దాఖలు చేసిన నాటి నుంచి 3 ఏళ్ల లోపు ఐఆర్ఎస్ అదనపు పన్ను విధించవచ్చు. చూపాల్సిన ఆదాయంలో, రిటర్నులో చూపినదానిలో 25 శాతం మించి వదిలేస్తే గడువు 6 ఏళ్లు. మోసం చేసినా, అసలు రిటర్ను వేయకపోయినా గడువంటూ లేదు. న్యూజెర్సీ వ్యక్తిగత ఆదాయపన్నుకు సాధారణంగా 3 ఏళ్లు, అమ్మకపు పన్నుకు 4 ఏళ్లు. జీతాల పన్ను రికార్డులు కనీసం 4 ఏళ్లు ఉంచాలని ఐఆర్ఎస్ చెబుతుంది. ఆస్తులు, పరికరాల బిల్లులను వాటిని అమ్మి, ఆ ఏడాది గడువు ముగిసేదాకా దాచాలి. అన్ని కాగితాలనూ 7 ఏళ్లు ఉంచుకుంటే ఏ గడువు ఎప్పుడు తీరుతుందో లెక్కించే పని తగ్గుతుంది. భారతదేశ ఖాతాలు, స్థిరాస్తుల పత్రాలు అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలి.

తనిఖీ మూడు రకాలు. ఒకటి రెండు అంశాల మీద ఉత్తరాల ద్వారా జరిగేది, పన్ను కార్యాలయానికి పిలిచి జరిపేది, అధికారి దుకాణానికో అకౌంటెంటు ఆఫీసుకో వచ్చి జరిపేది. మొదటి కబురు తపాలా ఉత్తరంగానే వస్తుంది. ఫోను చేసి, వెంటనే డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తామని బెదిరించేది ఐఆర్ఎస్ కాదు. 2016 అక్టోబరులో ముంబయి పక్కనున్న మీరా రోడ్డులో పోలీసులు పట్టుకున్న కాల్‌సెంటర్లు సరిగ్గా ఈ మోసమే చేశాయి. ఉత్తరం నిజమైనదో కాదో అనుమానముంటే ఐఆర్ఎస్ అధికారిక నంబరుకు వ్యాపారే ఫోను చేసి కనుక్కోవచ్చు. ఎడిసన్‌లోనే డే ప్లేస్‌లో ఐఆర్ఎస్ సహాయ కేంద్రం ఉంది, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి.

అధికారి మొదట చదివేది బ్యాంకు స్టేట్‌మెంట్

చిన్న వ్యాపారుల తనిఖీల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది కలగలిసిన డబ్బు. ఎడిసన్ తెలుగు వ్యాపారుల విషయంలో ఈ సమస్యకు మూడు పాయలున్నాయి: ఇంటి డబ్బు, స్నేహితుల డబ్బు, ఇండియా డబ్బు. అధికారి ఏడాది పొడవునా ఖాతాలో పడ్డ జమలన్నీ కూడి, రిటర్నులో చూపిన అమ్మకాలతో పోలుస్తారు. జమలు ఎక్కువగా ఉంటే, తేడా ఆదాయం కాదని నిరూపించే పని వ్యాపారి మీద పడుతుంది. కారణం చూపలేని జమను ఆదాయంగా లెక్కించడాన్ని అమెరికా ట్యాక్స్ కోర్టు ఏళ్ల తరబడి సమర్థిస్తూ వచ్చింది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఓక్ ట్రీ రోడ్డులో ఒక హోటలు. వసూలు చేసిన అమ్మకపు పన్ను తీసేశాక ఏడాది జమలు 5,20,000 డాలర్లు, రిటర్నులో అమ్మకాలు 4,40,000. తేడా 80,000. ఇందులో 25,000 స్నేహితుడిచ్చిన చేబదులు. 30,000 గుంటూరులో నాన్నగారు పొలం అమ్మి పంపింది. 15,000 చీటీ పాడుకోగా వచ్చింది. 10,000 సొంత సేవింగ్స్ ఖాతా నుంచి మార్చింది. ఈ నాలుగింటిలో ఒక్కటీ ఆదాయం కాదు. కానీ అధికారి ముందున్నది 80,000 అన్న అంకె ఒక్కటే.

సొంత ఖాతా నుంచి మార్చిన పదివేలకు రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెడితే చాలు. చేబదులుకు డబ్బిచ్చిన నాటి ప్రామిసరీ నోటు, స్నేహితుడి ఖాతా నుంచి వచ్చిన చెక్కు నకలు, తీర్చిన వాయిదాల వివరాలు కావాలి. మొహమాటపడి నోటు రాసుకోకపోవడం మనవాళ్లలో మామూలే. నాలుగేళ్ల తరవాత తయారుచేసి పాత తేదీ వేసిన నోటు మాత్రం లేని నోటు కన్నా ప్రమాదం, ఎందుకంటే అది మోసానికి ఆనవాలుగా నిలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన డబ్బుకు అమ్మకం దస్తావేజు నకలు, పంపిన బ్యాంకు పత్రాలు, 15సీఏ, 15సీబీ ఫారాలు దాఖలు చేసి ఉంటే వాటి ప్రతులు పనికొస్తాయి. అది కానుకో అప్పో ఆనాడే రాసి పెట్టుకోవాలి. విదేశీ వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి కానుకలు వస్తే ఫారం 3520 దాఖలు చేయాలి. కానుక మీద పన్ను లేకపోయినా ఆ ఫారం వేయనందుకు జరిమానా పెద్దది.

చీటీ అన్నిటికన్నా చిక్కు. సభ్యుల పేర్లు, నెలవారీ చందాలు, పాట తేదీలు, ఎవరి ఖాతా నుంచి ఎవరికి డబ్బు వెళ్లిందీ చూపే పుస్తకం లేకపోతే ఆ 15,000 డాలర్లను నిరూపించడం చాలా కష్టం. కట్టినదాని కన్నా ఎక్కువ చేతికొస్తే ఆ అదనానికి పన్ను ప్రశ్న కూడా ఉంటుంది. చీటీ డబ్బును వ్యాపార ఖాతాలోకి రానీయకపోవడమే మంచి పద్ధతి. వ్యాపారానికి వేరే ఖాతా, వేరే క్రెడిట్ కార్డు తెరవడానికి పట్టేది ఒక పూట. సన్నద్ధతలో ఇంత తక్కువ శ్రమతో ఇంత రక్షణ ఇచ్చే పని మరొకటి లేదు.

కార్డు అమ్మకాల్లో ఇంకో తేడా వస్తుంది. కార్డుల సంస్థ ఐఆర్ఎస్‌కు పంపే 1099-కె ఫారంలో స్థూల మొత్తం ఉంటుంది, పన్నుతో, టిప్పులతో కలిపి. బ్యాంకులో పడేది చాలాసార్లు కమీషన్ పోగా మిగిలింది. పుస్తకాల్లో బ్యాంకు జమనే అమ్మకంగా రాసుకుంటే ఐఆర్ఎస్ దగ్గరున్న అంకెకూ రిటర్నుకూ పొంతన కుదరదు. స్థూల అమ్మకం, పన్ను, టిప్పు, కమీషన్ నాలుగింటినీ విడివిడిగా నెలనెలా రాస్తే ఈ ప్రశ్న తలెత్తదు.

ఇండియా ఖాతాల సంగతి వ్యాపార తనిఖీలో తరచుగా బయటపడుతుంది. విదేశీ ఖాతాల్లోని నిల్వలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే ఫిన్‌సెన్ 114 నివేదిక ఇవ్వాలి. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి భారత్‌లో పన్ను లేదు. అమెరికా పన్ను నివాసికి ఇక్కడ పన్ను ఉంది. ఉద్దేశపూర్వకం కాని ఎఫ్‌బార్ తప్పుకు జరిమానా ఒక్కో నివేదికకే గాని ఒక్కో ఖాతాకు కాదని 2023లో బిట్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. నాలుగైదు బ్యాంకుల్లో డిపాజిట్లున్న కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

అమ్మకపు పన్ను

న్యూజెర్సీలో అమ్మకపు పన్ను 1966లో 3 శాతంతో మొదలైంది. 2018 జనవరి 1 నుంచి 6.625 శాతం. దేనికి ఉంది, దేనికి లేదు అన్నది ఓక్ ట్రీ రోడ్డులో అడుగడుక్కీ మారుతుంది. చీర దుస్తుల కిందికి వస్తుంది, పన్ను లేదు. ఇంట్లో కుట్టుకోవడానికి కొనే జాకెట్టు గుడ్డకూ లేదు. అదే కొట్లో అమ్మే గాజులు, వడ్డాణం, చేతి సంచి మీద ఉంది. బియ్యం, పప్పు, కూరగాయల మీద లేదు. శీతల పానీయాల మీద, వేడిగా అమ్మే సమోసా మీద ఉంది. చక్కెరతో చేసి ముక్కలుగా అమ్మే తీపి పదార్థంలో పిండి లేకపోతే అది క్యాండీ లెక్కలోకి వచ్చి పన్ను పడుతుంది. పిండి ఉన్నా, ఫ్రిజ్‌లో ఉంచాల్సినదైనా ఆ నిర్వచనంలోకి రాదు. దుకాణమే సరుకులు కలిపి వండి అమ్మితే తయారు ఆహారపు నిబంధనలు వేరుగా చూసుకోవాలి. అందువల్ల బిల్లింగు యంత్రంలో ఒక్కో సరుకుకు పన్ను గుర్తు సరిగ్గా పెట్టుకోవడం సన్నద్ధతలో ముఖ్యమైన పని. ఏ సరుకును ఎందుకు అలా వర్గీకరించారో ఒక పట్టికలో రాసి పెట్టుకుంటే అధికారి అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

పన్ను లేకుండా టోకున అమ్మితే కొనుగోలుదారు ఇచ్చిన ఎస్టీ-3 పునర్విక్రయ ధ్రువపత్రం ఫైలులో ఉండాలి. పూర్తిగా నింపని పత్రం ఉంటే ఆ పన్ను అమ్మినవాడి మీదే పడే ప్రమాదం ఉంది. డెలివరీ యాప్‌ల ద్వారా వచ్చిన ఆర్డర్లకు 2018 నవంబరు 1 నుంచి పన్ను వసూలు చేసి కట్టే బాధ్యత ఆ యాప్‌లదే. హోటలు స్థూల అమ్మకాల్లో అవి కలిసి ఉంటాయి కాబట్టి యాప్‌ల నెలవారీ నివేదికలు దించుకుని భద్రపరచకపోతే, ఒకసారి కట్టిన పన్నునే మళ్లీ కట్టమనే పరిస్థితి వస్తుంది. రారిటన్ సెంటర్‌లోని ఎక్స్‌పో హాలులో సంబరాలకు చీరలు, నగల స్టాళ్లు పెట్టే పొరుగు రాష్ట్రాల వ్యాపారులు కూడా న్యూజెర్సీలో నమోదై పన్ను వసూలు చేయాలి.

పుస్తకాలు నమ్మదగినవిగా కనిపించకపోతే అధికారి కొనుగోళ్ల నుంచి అమ్మకాలను కట్టుకుంటూ వస్తారు. బాస్మతి ఎన్ని బస్తాలు, చికెన్ ఎన్ని పౌండ్లు కొన్నారో టోకు వ్యాపారి బిల్లుల్లో చూసి, ఎన్ని ప్లేట్లు అమ్ముడై ఉండాలో, ఎంత రాబడి రావాలో అంచనా కడతారు. పాడైన సరుకు, సిబ్బంది భోజనాలు, ఉచితంగా ఇచ్చినవి ఏనాటికానాడు రాసి పెట్టుకున్నవారికే ఆ అంచనాను తగ్గించే ఆధారం ఉంటుంది. రాష్ట్ర అధికారులు కొన్ని నెలలు నమూనాగా తీసుకుని, అందులో తేలిన తప్పుల శాతాన్ని నాలుగేళ్లకూ వర్తింపజేయవచ్చు. పండగ నెల నమూనాలో పడితే లెక్క వంకర పోతుంది కాబట్టి, ఏ నెలలు తీసుకుంటారో మొదలుపెట్టకముందే మాట్లాడి, కాగితం మీద ఒప్పుకోవాలి.

దుకాణం కొనేవారికి ఒక హెచ్చరిక. పాత యజమాని బకాయిపడ్డ రాష్ట్ర పన్నులు కొత్త యజమాని మీదికి రావచ్చు. కొనుగోలుకు కనీసం 10 పనిదినాల ముందు సీ-9600 ఫారంతో రాష్ట్రానికి తెలియజేస్తే ఈ భారం తప్పుతుంది. స్నేహితుల మధ్య జరిగే కొనుగోళ్లలో ఈ ఫారాన్ని వదిలేయడం కొంపలు ముంచే పొరపాటు.

కన్సల్టెన్సీలు, జీతాలు

ఐటీ కన్సల్టెన్సీకి నగదు సమస్య ఉండదు, మనుషుల కాగితాలే పరీక్ష. జీతాల పన్నుల త్రైమాసిక 941 ఫారాల మొత్తం, ఏడాది చివర ఉద్యోగులకిచ్చే డబ్ల్యూ-2ల మొత్తం, పుస్తకాల్లోని జీతాల ఖర్చు మూడూ ఒకే అంకెకు రావాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఓపీటీ పని అనుమతిలో ఉన్నవారు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్లు కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. వారు హెచ్-1బీకి మారిన రోజు నుంచి ఉద్యోగికి 7.65 శాతం, యజమానికి 7.65 శాతం మొదలవుతుంది. హెచ్-1బీ సాధారణంగా మొదలయ్యే అక్టోబరు 1న ఈ మార్పు చేయడం మరిచిపోతే తప్పు ప్రతి జీతంలోనూ పేరుకుంటూ పోతుంది. జీతంలో కొంత భాగాన్ని పర్ డీమ్‌గా, అంటే రోజువారీ భత్యంగా ఇచ్చేవారు, ఉద్యోగి నిజంగా తన పన్ను నివాసానికి దూరంగా తాత్కాలిక పనిమీద ఉన్నట్టు చూపగలగాలి. చూపలేకపోతే అదంతా జీతమే.

మనిషిని డబ్ల్యూ-2 కాకుండా 1099 ఫారం మీద పెట్టుకున్నంత మాత్రాన స్వతంత్ర కాంట్రాక్టరు అయిపోడు. న్యూజెర్సీ నిరుద్యోగ బీమా చట్టంలో ఏబీసీ పరీక్ష మూడు షరతులతో చాలా కఠినంగా ఉంటుంది: యజమాని అదుపు లేకపోవడం, పని యజమాని మామూలు వ్యాపారానికి లేదా ఆవరణకు బయటిది కావడం, ఆ మనిషికి సొంత వ్యాపారం ఉండటం. ఉద్యోగుల నుంచి కోసిన పన్ను కట్టకుండా వాడుకుంటే, కంపెనీ ఎల్ఎల్‌సీ అయినా బాధ్యత గల వ్యక్తి సొంత ఆస్తి నుంచి వసూలు చేసే అధికారం ఐఆర్ఎస్‌కు ఉంది. ఎస్ కార్పొరేషన్ యజమాని తనకు తగినంత జీతం తీసుకోకుండా లాభమంతా పంపకంగా తీసుకోవడం కూడా తనిఖీలో తరచుగా వచ్చే ప్రశ్న. కరోనా కాలపు ఉద్యోగుల కొనసాగింపు క్రెడిట్‌ను దళారుల మాట విని తీసుకున్నవారు అర్హత పత్రాలన్నీ ఇప్పుడే ఒకచోట చేర్చుకోవాలి. తప్పుడు క్లెయిములు పెరిగిపోవడంతో 2023 సెప్టెంబరులో ఐఆర్ఎస్ కొత్త క్లెయిముల పరిశీలనే ఆపేసింది.

ఖర్చుల ఆధారాలు

బ్రాడ్‌వే నటుడు, నిర్మాత జార్జ్ ఎం. కోహన్ ప్రయాణాలకు, విందులకు బాగా ఖర్చుపెట్టి లెక్కలు రాయలేదు. 1930లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్, ఖర్చు జరిగిందని తేలినప్పుడు సున్నా ఇవ్వడం తప్పని, కొంత అంచనా కట్టి ఇవ్వాలని తీర్పిచ్చారు. దానికి కోహన్ నియమమని పేరు. దాన్ని నమ్ముకుని రసీదులు పారేయకూడదు. 1962లో వచ్చిన 274 సెక్షన్ ప్రయాణాల వంటి ఖర్చులకు అంచనాలను ఒప్పుకోదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఏ వ్యాపార పనిమీద అన్నది రాసి ఉండాలి. బసకు తప్ప 75 డాలర్ల లోపు ఖర్చుకు రసీదు లేకపోయినా ఈ వివరాలు మాత్రం తప్పవు. కారు మైళ్ల పుస్తకం కూడా అంతే, ఏడాది చివర ఒక్కసారే కూర్చుని రాసింది అధికారికి ఇట్టే తెలిసిపోతుంది. థర్మల్ కాగితం రసీదులు ఏడాదిలో వెలిసిపోతాయి కాబట్టి వచ్చిన రోజే ఫొటో తీసి నెలల వారీ ఫోల్డర్లలో పెట్టాలి. చదవడానికి వీలుగా, వెతికి తీయడానికి వీలుగా ఉన్న ఎలక్ట్రానిక్ ప్రతులను ఐఆర్ఎస్ అంగీకరిస్తుంది.

ఉత్తరం వచ్చాక

మొదట చూడాల్సినవి గడువు తేదీ, అడిగిన సంవత్సరాలు, అడిగిన అంశాలు. సీపీఏ, ఎన్‌రోల్డ్ ఏజెంటు, న్యాయవాది ఈ ముగ్గురిలో ఎవరైనా ఐఆర్ఎస్ ముందు ప్రతినిధిగా నిలబడవచ్చు. ప్రతినిధిని నియమిస్తూ ఐఆర్ఎస్‌కు ఫారం 2848, న్యూజెర్సీకి ఎం-5008-ఆర్ ఇవ్వాలి. తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యూవార్క్‌లోని రట్గర్స్ లా స్కూల్ పన్ను క్లినిక్ ఆసరా. తనిఖీని ప్రతినిధి కార్యాలయంలో జరపమని కోరవచ్చు, అయితే అధికారి దుకాణాన్ని ఒకసారి చూడటానికి రావచ్చు.

పత్రాల కోరిక జాబితాలో ఉన్న క్రమంలోనే, అంశానికొక విభాగంగా ఫైలు కట్టాలి. నకళ్లే ఇవ్వాలి, ఏ రోజు ఏమిచ్చారో రాసుకోవాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలు కూడా అడగవచ్చు. అందులో ఏ పద్దు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది కాబట్టి ఉత్తరం వచ్చాక పాత పద్దులను దిద్దకూడదు. తప్పు దొరికితే ప్రతినిధికి చెప్పి, అధికారి ముందు తామే పెట్టాలి. ఐఆర్ఎస్ సంప్రదించకముందే సవరణ రిటర్ను వేసి ఉంటే 20 శాతం జరిమానా తప్పించుకునే వీలుంటుంది, ఉత్తరం వచ్చాక ఆ తలుపు మూసుకుపోతుంది. అధికారి అడిగినదానికి నిజం సూటిగా చెప్పాలి. తెలియనిదాన్ని ఊహించి చెప్పకుండా చూసి చెబుతామనాలి. నేర పరిశోధన విభాగం స్పెషల్ ఏజెంట్లు వస్తే న్యాయవాది లేకుండా మాట్లాడకూడదు, ఆ హక్కు అందరికీ ఉంది.

తనిఖీ ఫలితంతో ఏకీభవించకపోతే 30 రోజుల ఉత్తరం మీద ఐఆర్ఎస్ స్వతంత్ర అప్పీళ్ల విభాగానికి వెళ్లవచ్చు. ఆ తరవాత వచ్చే లోటు నోటీసు మీద 90 రోజుల్లో అమెరికా ట్యాక్స్ కోర్టులో పిటిషన్ వేస్తే పన్ను ముందుగా కట్టకుండానే వాదించవచ్చు. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వివాదాలకు సులభ విధానం ఉంది. రాష్ట్ర తనిఖీ మీద కూడా 90 రోజుల్లో డివిజన్ అప్పీళ్ల శాఖకు గానీ, 1979లో ఏర్పడిన న్యూజెర్సీ ట్యాక్స్ కోర్టుకు గానీ వెళ్లవచ్చు. ఐఆర్ఎస్ తనిఖీలో ఆదాయం మారితే ఆ మార్పును 90 రోజుల్లోగా న్యూజెర్సీకి సవరణ రిటర్నుతో తెలపాలి. ఈ గడువులు దాటితే ఎంత బలమైన ఆధారమున్నా వినిపించే అవకాశం కుంచించుకుపోతుంది. అందుచేత పన్ను శాఖ నుంచి కవరు వస్తే వారాంతం దాకా ఆపకుండా అదే రోజు తెరవండి, మరునాటికల్లా ప్రతినిధి చేతిలో పెట్టండి.